మెత్తగా మూస్తే పేలదు

నా తుపాకీని నా బండే తొక్కింది. ఎలా చెప్పినా మర్యాదగా వినపడదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నవంబరులో ఒక ఆదివారం, చర్చి ఎగ్గొట్టి ఉడతల వేటకి వెళ్లి తిరిగొస్తూ, తుపాకీని పికప్ వెనక బంపరుకి ఆనించి, గట్టు పక్కన పని కానిచ్చుకుని, బండెక్కి వెనక్కి పోనిచ్చాను. ఏదో విరిగిన చప్పుడైంది. ఎండుకొమ్మ అనుకున్నాను. కొమ్మో కాదో తేల్చుకుందామని ముందుకు కూడా పోనిచ్చాను. దిగి చూసేసరికి గొట్టం గొడుగు పిడిలా వంగి ఉంది.

బాతుల సీజను మొదలవడానికి పదమూడు రోజులుంది. ఆ పదమూడు రోజుల్లో నాకు తుపాకీ దొరక్కపోతే, ఈ భూమ్మీద నాకంటూ మిగిలిన ఒకే ఒక్క సీటు కెండల్‌కి పోతుంది.

సీటంటే ఒలీటత్త వరిపొలంలో ఉన్న సీటు. ఆమె పొలం మధ్య గట్టులో ఒక ఇనుప గొయ్యి పాతి ఉంది. పైన గడ్డి కప్పిన రేకు, లోపల బల్ల, బల్ల మీద ముగ్గురికి చోటు. కోతలయ్యాక మళ్లలోకి నీళ్లు వదిలితే ఉత్తరం నుంచి బాతులు దిగుతాయి. మేము గోతిలో కూర్చుని రేకు చాటు నుంచి లేచి కొడతాం. ఇరవై రెండేళ్లుగా ఆ మధ్య సీటు నాది. పెళ్లి వల్ల వచ్చింది. ఒలీటత్త మా ఆవిడ ట్వైలాకి మేనత్త. రెండేళ్ల కిందట ట్వైలా నన్ను వదిలేసినప్పుడు ఇల్లు, పడవ, తెలివున్న కుక్క అన్నీ కాగితాల మీద ఆమెకే పోయాయి. సీటు సంగతి రాయడం మాత్రం ఏ లాయరుకీ తట్టలేదు. పోయినేడాది నేను నోరు మూసుకుని వెళ్లి కూర్చున్నాను. ఒలీటత్త కూడా ఏమీ అనలేదు.

ఈ ఏడాది ఫోన్ చేసింది.

"పాతల్లుడా, కొత్తల్లుడు కూడా వస్తానంటున్నాడు. మొదటి రోజు ఇద్దరూ రండి. చూస్తాను. మర్నాటి నుంచి ఒక్కడే."

"అదేంటత్తా? ముగ్గురికి చోటుందిగా."

"చోటుందిరా. నాకు ఓపిక లేదు. డెబ్బయి నాలుగేళ్లొచ్చాక ఇద్దరు మగాళ్ల సోది వినడం నావల్ల కాదు. ఒకడిదైతే ఎలాగో భరిస్తా."

నేను వడ్లు ఆరబెట్టే డ్రైయరు దగ్గర పనిచేస్తాను. కోతల రెండు నెలలూ నా పేరు అందరి నోళ్లలో ఉంటుంది. తర్వాత పదినెలలు ఆ దుమ్ము దగ్గుతూ కూర్చుంటాను. ఈ అరవై రోజుల వేటలో మాత్రమే తెల్లారితే వెళ్లడానికి ఒక చోటుంటుంది, వెళ్లేసరికి ఒక మనిషి తిడుతుంది. తిట్టే మనిషి లేకపోతే ఎలా ఉంటుందో ఈ రెండేళ్లలో బాగా తెలిసింది.

ఆ కొత్తల్లుడు, అంటే ట్వైలా కొత్త మొగుడు కెండల్, బీమా అమ్ముతాడు. అంతకన్నా చెప్పేదేమీ లేదు.

*

తుపాకీ కొనడానికి డీకన్ హోయ్ట్ కొట్టుకి వెళ్లాను. ముందు వరసలో కోళ్ల దాణా, మేకులు, పశువులకి నులిపురుగుల మందు ఉంటాయి. వెనక గోడకి తుపాకులు. ఆదివారాలు ఆయన చర్చిలో డీకన్, అంటే సంఘపెద్ద. మిగతా రోజులు కూడా డీకన్‌లాగే మాట్లాడతాడు, అదే బాధ.

"పాతదేమైంది తమ్ముడూ?"

"పోయింది."

"ఎలా?"

"బండి కింద పడి."

"ఎవరి బండి?"

నేను దాణా బస్తాల వంక చూశాను. ఆయన ప్రార్థన చేస్తున్నట్టు తల దించుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి.

"సరే. చూసి మురిసిపోడానికా, బురదలో పడేయడానికా?"

"పడేయడానికే. మీట నొక్కితే తర్వాతి తూటా తనంతట అదే ఎక్కాలి. ప్రతిసారీ చేత్తో లాగడానికి నా ఎడమ భుజం ఒప్పుకోట్లేదు. చవగ్గా ఉండాలి."

"ఎంత చవగ్గా?"

"నా మొహం చూసి చెప్పు."

చూశాడు. గోడమీద కింది వరసకి వెళ్లాడు. ముందొక పాత తుపాకీ తెచ్చి బల్లమీద పెట్టాడు. ఎవరో నదిలో పోగొట్టుకుని మళ్లీ వెతికి తీసినట్టుంది, చేపల వాసన కొడుతోంది.

"ఇది తూటా పొగతో నడుస్తుంది. మంచిదే. కానీ వాడినప్పుడల్లా విప్పి మసి తుడవాలి. తుడుస్తావా?"

"నేను స్నానమే వారానికి రెండుసార్లు."

"తెలుసు. అందుకే అడిగా." దాన్ని పక్కన పెట్టి అట్టపెట్టె ఒకటి తీశాడు. "ఇది టర్కీ సరుకు. రెండొందల ఎనభై తొమ్మిది డాలర్లు. పొగ గొడవ లేదు. తూటా పేలగానే వెనక్కి తన్నే ఊపుతోనే నడుస్తుంది. లోపల ఒక బోల్టు, ఒక స్ప్రింగు, అంతే. బురద పడితే తోటగొట్టం పెట్టి కడిగెయ్."

భుజానికి ఆనే చెక్క ఉండాల్సిన చోట నల్లటి ప్లాస్టిక్, మెరుపు లేని గొట్టం. అందం పేరెత్తితే అదే సిగ్గుపడేలా ఉంది. చేతికి తేలిగ్గా ఉంది. నాకు నచ్చింది. నన్ను నేను అద్దంలో చూసుకున్నట్టు అనిపించిందని రాస్తే బాగుంటుంది కానీ నేను తేలిగ్గా లేను.

ప్రభుత్వ ఫారం ఇచ్చాడు. మొదటి ప్రశ్న, ఈ తుపాకీని నీకోసమే కొంటున్నావా అని. అవునని టిక్కు పెట్టాను. కింద ఒకచోట, కోర్టు ఎప్పుడైనా నీకు మతి సరిగా లేదని తేల్చిందా అని ఉంది.

"ఇది ట్వైలాని అడిగి రాయాలా?"

"కోర్టు తేలిస్తేనే లెక్క తమ్ముడూ. పెళ్లాలు తేల్చింది లెక్కలోకి రాదు. వస్తే ఈ జిల్లాలో నా దగ్గర ఒక్కడు కొనలేడు."

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ట్వైలా వెళ్లిపోయే ముందు చర్చివాళ్లు మమ్మల్నిద్దర్నీ ఈ హోయ్ట్ ముందు ఆరు గురువారాలు కూర్చోబెట్టారు. ట్వైలా ఫిర్యాదుల పట్టీ రాసుకొచ్చింది. అందులో మొదటిది, ఆర్లిస్, అంటే నేను, తలుపులు బాదుతాడు. వీధి తలుపు, బండి తలుపు, ఆఖరికి ఫ్రిజ్ తలుపు. అప్పుడు హోయ్ట్ కళ్లు మూసుకుని, తలుపు మెత్తగా మూయి తమ్ముడూ, ఆవిడ మనసూ మెత్తబడుతుంది అన్నాడు. రెండు నెలలపాటు ప్రతి తలుపునీ పసిపిల్ల కళ్లు మూసినట్టు మూశాను. ఇంట్లోకి నేనెప్పుడొస్తున్నానో, ఎప్పుడు పోతున్నానో చప్పుడు లేక, నాకెవరో ఉన్నారని ట్వైలాకి అనుమానం పుట్టింది. పట్టీలో ఇంకో వరస చేరింది.

కాబట్టి పెట్టె చంకలో పెట్టుకుని లేస్తుంటే, ఆ హోయ్టే నా మోచెయ్యి పట్టుకుని ఈ మాటన్నప్పుడు నాకెలా ఉంటుందో మీరే చెప్పండి.

"ఒక్క మాట తమ్ముడూ. దీంతో మాత్రం మెత్తగా ఉండకు. మెత్తగా ఉన్నావో, సరిగ్గా కావలసిన టైముకి మొండికేస్తుంది. దీన్ని దడాలున..."

వెనక మేకుల వరసలో ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. నా చెవులు కాలాయి.

"ఆరు గురువారాలు ఒకటి చెప్పావ్. ఇప్పుడింకోటి చెబుతున్నావ్. నీ దగ్గర సలహాలు కూడా పాతవీ కొత్తవీ కలిపి అమ్ముతావా?" అని బయటికొచ్చేశాను.

ఆయన తలుపు దాకా వచ్చి ఏదో అన్నాడు. నేను అప్పటికే బండి స్టార్టు చేశాను.

*

పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంది. టర్కీలో ఎవరో మన భాష వచ్చని బుకాయించి రాసిన రకం. "మీ సంతోషకరమైన ఆయుధమునకు స్వాగతము" అని మొదలైంది. అంతటితో ఆపేశాను. ఇలాంటివి చదవకుండా ఉండటానికే నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసింది.

డ్రైయరు వెనక పాడుపడిన బట్టల మిషను ఒకటుంది. దానికి రెండు పెట్టెల తూటాలు పెట్టాను. తూటా వేయడం, వెనక్కి లాగిన బోల్టు పిడి వదిలేయడం, బోల్టు ఠాప్పుమని మూసుకోవడం, కాల్చడం. యాభైకి యాభై పేలాయి. బట్టల మిషను జల్లెడైంది. తర్వాత తుపాకీకి బురద రంగు కొట్టాను. రంగు కారి ఇంకా దరిద్రంగా తయారైంది. కెండల్ దగ్గర ఇటలీ తుపాకీ ఉందని, దాని ధరకి నా బండి, నేను, బట్టల మిషను కలిపి వస్తామని ఊళ్లో విన్నాను. ఉంటే ఉండనీ అనుకున్నాను.

*

మొదటి రోజు చీకటుండగానే గోతి దగ్గరికి చేరాం. ఒలీటత్త తన బురద బండిలో వచ్చింది. వెనక ఆమె కుక్క. దాని పేరు జడ్జి. నల్లటి లాబ్రడార్. దెబ్బ తప్పినవాడి వైపు తల తిప్పి, తీర్పు చెప్పబోతున్నట్టు చూస్తుంది. ఏమీ అనదు. అంటే బాగుండేది.

మధ్య సీటులో నేను కూర్చున్నాను. కుడివైపు అత్త. ఎడమవైపు కెండల్, రేకులో చిల్లు కింద. ఆ చిల్లుకి ఒక కథ ఉంది. అత్త మొగుడు మెర్ల్ బతికున్నప్పుడు ఆయన తుపాకీ ఒకసారి పేలకుండా తుక్కుమంది. ఆయన తిట్టి దాన్ని పక్కన పెట్టాడు. పెట్టాక పేలింది. రేకుకి చిల్లుపడింది, కాఫీ కెటిల్ పోయింది, మెర్ల్ ఎడమచెవి ఆ రోజు నుంచి సెలవు తీసుకుంది. అప్పట్నుంచి ఆ గోతిలో ఒక రూలు. ఎవడి తుపాకీ అయినా తుక్కుమంటే, దాన్ని ఆకాశం వైపు పట్టుకుని ముప్పై లెక్కపెట్టాలి. మూడుసార్లు తుక్కుమంటే వాడు గోతి దిగి ఇంటికి పోవాలి. ఇంక రాకూడదు.

"రూలు కొత్తల్లుడికి చెప్పావా?" అంది అత్త.

"ట్వైలా చెప్పింది అత్తయ్యా," అన్నాడు కెండల్. మనిషి సబ్బు వాసనొస్తున్నాడు. ఒళ్లో డబ్బా విప్పి, సాసేజ్ మాంసం పెట్టిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు మా ముందు పెట్టాడు. "ట్వైలా పంపింది. తీసుకోండి ఆర్లిస్‌గారూ."

నేను రెండు తిన్నాను. బాగున్నాయి. నా వంటింట్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ ఇంత బాగా చేసిన గుర్తులేదు.

అత్త గడియారం చూసుకుంది. "ఊఁ. టైమైంది. నింపుకోండి. ఇక్కణ్ణుంచి చప్పుడొస్తే చంపేస్తా. బాతులకి చెవులుంటాయి."

కెండల్ తూటా పెట్టి బోల్టు వదిలాడు. ఠాప్పుమంది.

"ఎవడ్రా అది? గోతిలో కూర్చుని గేదెల్ని కోస్తున్నావా?"

"సారీ అత్తయ్యా."

ఇదీ నా అదృష్టం అనుకున్నాను. నేను తూటా పెట్టి, పిడిని రెండు వేళ్లతో పట్టుకుని, బోల్టుని అంగుళం అంగుళం ముందుకి దించాను. చర్చికి ఆలస్యంగా వచ్చినవాడు తలుపు మూసినట్టు మూశాను. చీమకి కూడా వినపడలేదు.

"చూడు," అంది అత్త కెండల్‌తో. "పాతల్లుణ్ణి చూసి నేర్చుకో."

నా రెండేళ్లలో అదే మంచి నిమిషం.

వెలుతురు వచ్చింది. నీళ్లు బూడిదరంగులోకి తిరిగాయి. ఎరగా వదిలిన మా ప్లాస్టిక్ బాతులు గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి. ఉత్తరం వైపు నుంచి ఏడెనిమిది నిజం బాతులు వచ్చాయి. అత్త ఈలపీక నోట్లో పెట్టుకుని బాతు గొంతుతో పిలిచింది. అవి రెండు చుట్లు తిరిగాయి. రెక్కలు వంచాయి. కాళ్లు చాపాయి. ఆ గోతిలో అత్త చెప్పేదాకా ఎవడూ లేవకూడదు.

"కొట్టండి."

లేచాను. ఆకుపచ్చ తలది ఒకటి సరిగ్గా నా గొట్టం మీదికి వచ్చింది. మీట నొక్కాను.

తుక్.

పక్కన కెండల్ రెండు పేల్చాడు. ఒకటి పడింది. జడ్జి నీళ్లలోకి దూకబోతూ ఆగి, నా వంక ఒకసారి చూసి వెళ్లింది.

"ఒకటి," అంది అత్త. "ఆకాశం వైపు పట్టుకో. లెక్కపెట్టు."

ముప్పై లెక్కపెట్టాను. బోల్టు లాగి తూటా తీసి చూశాను. దాని వెనక సూది గుచ్చిన మచ్చ కూడా సరిగా పడలేదు. తూటా తడిసిందేమో అనుకున్నాను. ఇంకోటి పెట్టాను. అంతకంటే మెత్తగా మూశాను.

పావుగంటకి ఇంకో గుంపు. కొట్టండి అంది. లేచాను.

తుక్.

ఈసారి కెండల్ మూడూ కాల్చేశాడు. మూడూ గాలికే తగిలాయి. అయినా వాడి తుపాకీ పేలింది, నాది పేలలేదు.

"రెండు," అంది అత్త. గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

"ఎక్కడ కొన్నారండీ?" అన్నాడు కెండల్, ఖాళీ అయిన తన తుపాకీలో మళ్లీ తూటాలు పెట్టుకుంటూ. ఈసారి వాడు కూడా చప్పుడు కాకుండా బోల్టు వేళ్లతో పట్టుకుని మూశాడు. నన్ను చూసి నేర్చుకున్నాడు మరి. "చవకది తీసుకుంటే ఇలాగే ఉంటుందండి. నన్నడిగితే బీమా అయినా, తుపాకీ అయినా..."

"వాగుడాపు," అంది అత్త.

నేను లెక్కపెడుతున్నాను. పది. పదకొండు. యాభై తూటాలు బట్టల మిషను మీద పేలాయి. అదే తుపాకీ, అవే చేతులు. అక్కడ లేనిది ఇక్కడేముంది? పంతొమ్మిది. ఇరవై. అక్కడ అత్త లేదు. చప్పుడుకి భయం లేదు. అక్కడ ప్రతిసారీ పిడి వదిలేశాను. ఠాప్పుమంది. ఇరవై ఆరు.

దీంతో మాత్రం మెత్తగా ఉండకు తమ్ముడూ. దీన్ని దడాలున...

హోయ్ట్ ముసలాడు ఆ రోజు ట్వైలా గురించి చెప్పలేదు.

లోపల బోల్టు తల తిరిగి గాడిలో కూర్చోవాలి. ఊపు లేకపోతే సగంలో ఆగిపోతుంది. చూస్తే మూసుకున్నట్టే ఉంటుంది, మూసుకోదు. డ్రైయరు తలుపుకీ ఇదే రోగం ఉంది, రోజూ కాలితో తంతాను. ఇంత చిన్న సంగతి బుర్రకి ఎక్కడానికి రెండు తుక్కులు పట్టాయి.

గబగబా తూటా తీసి ఇంకోటి పెట్టాను. బోల్టు వెనక్కి లాగి పట్టుకున్నాను. అప్పుడే అత్త నా మోకాలి మీద చెయ్యి వేసింది. తల మీద పెద్ద గుంపు. పాతికకి తక్కువ లేవు. దిగుతున్నాయి. ఇప్పుడు వదిలితే చప్పుడుకి గుంపంతా లేచిపోతుంది, ఆమె చంపేస్తుంది. మెత్తగా మూస్తే తుక్కుమంటుంది, మూడోది.

ఇరవై రెండేళ్ల సీటు. నేను పిడి వదిలేశాను.

ఠాప్.

పాతిక బాతులు ఒక్కసారి నిట్టనిలువుగా లేచాయి. ఆమె కొట్టమనలేదు. నేను కొట్టలేదు. అవి పక్కనున్న మాథ్యూ వాళ్ల పొలం వైపు వెళ్లి మళ్లీ కనపడలేదు. జడ్జి నా వంక చూడటం కూడా మానేసింది.

"అత్తయ్యా," అన్నాడు కెండల్ నెమ్మదిగా, "ఇది అన్యాయం కదండీ."

అత్త నా వైపు తిరిగింది. "ఏం చేశావురా ఇప్పుడు?"

"తలుపేశానత్తా. దీన్ని బాదితేనే మూసుకుంటుంది. మెత్తగా మూస్తే పేలదు."

"ఇరవయ్యేళ్లు నా మేనకోడలి ఇంట్లో తలుపులన్నీ విరగ్గొట్టావ్. ఒక్క తలుపు బాదాల్సి వచ్చేసరికి కొత్త కోడలివైపోయావా?" అత్త చెయ్యి చాపింది. "ఇటివ్వు."

ఇచ్చాను. అయిపోయిందనుకున్నాను. ఆమె బోల్టు లాగి, తూటా చూసి, ఇంకో రెండు కలిపి మళ్లీ పెట్టి తనే వదిలింది. ఠాప్పుమంది. ఆమె మొహంలో ఏదో కదిలింది. తుపాకీని భుజానికెత్తి దించింది. మళ్లీ ఎత్తింది. "బరువే లేదురోయ్ ఇది."

"మూడోది అయినట్టేనా అత్తయ్యా?" అన్నాడు కెండల్.

"తుక్కుమందా?"

"లేదండి, కానీ..."

"మరైతే రెండే. రూలు తుక్కుకి. ఠాప్పుకి కాదు. ఠాప్పుకి తిట్లున్నాయి, తర్వాత తిడతాను."

"ఇలాంటి నాసిరకం సరుకుతోనే ఈ ఇబ్బందులు. నాదైతే..."

"వస్తున్నాయి. నోరు మూయ్."

దక్షిణం నుంచి నాలుగైదు బాతుల చిన్న గుంపు. అత్త పిలిచింది. అవి నేరుగా దిగాయి. కొట్టండి అంటూనే ఆమె లేచింది, నా దరిద్రపు తుపాకీతో. రెండు దెబ్బలు, రెండు బాతులు. ఆ రెంటికీ మధ్యలో, నా ఎడమ పక్క నుంచి ఇంకో చప్పుడు వినపడింది.

తుక్.

అది ఇటలీ చప్పుడు. కానీ తుక్కు ఏ దేశందైనా ఒకేలా ఉంటుంది.

"ఒకటి," అంది అత్త, వెనక్కి తిరక్కుండానే.

కెండల్ గొట్టం ఆకాశం వైపు పట్టుకుని లెక్కపెట్టాడు. వాడి నుదుటి మీద చిల్లులోంచి మంచునీళ్లు పడుతున్నాయి. ముప్పై అయ్యాక తూటా తీసి, కొత్తది పెట్టి, బోల్టుని బీమా కాగితం మడతపెట్టినట్టు మెత్తగా మూశాడు. నేను చూశాను. నోరు తెరిచి చెప్పొచ్చు. రెండు మాటలు, అంతే. ఆ గోతిలో ఆ మాటలు ఇందాకే పైకి అన్నాను కూడా. తనది నాసిరకం కాదని వాడే అన్నాడు.

ఇంకో బిస్కెట్టు తీసుకున్నాను.

పది లోపల ఇంకో రెండుసార్లు బాతులు దిగాయి. అత్త రెండు, మూడు అని లెక్కపెట్టింది. కెండల్ తుపాకీని తొడుగులో పెట్టుకుని, డబ్బా మూత పెట్టుకుని, గోతి మెట్లెక్కాడు. మర్యాదస్తుడు, వెళ్తూ వెళ్తూ గోతి రేకు తలుపు కూడా మెత్తగా వేసి వెళ్లాడు. అది సరిగా మూసుకోక గాలికి టపటపలాడింది. నేను లేచి ఒక్కటి బాదాను.

"సీటు నీదేరా," అంది అత్త.

తుపాకీ కోసం చెయ్యి చాపాను.

ఆమె దాన్ని ఒళ్లో ఇంకాస్త లోపలికి జరుపుకుంది.

"సీటన్నాను. మెర్ల్ తుపాకీ మొయ్యలేక చస్తున్నా మూడేళ్లుగా. అది తడిస్తే గుండె ఆగుద్ది, గీత పడితే ఏడుపొస్తుంది. ఇది పారేసినా పర్లేదు. తంతుంది కానీ, నిద్దట్లో మా ఆయన తన్నినంత లేదు. రేపు నీది నువ్వు తెచ్చుకో."

"అత్తా, అది నాదే."

"అల్లుడివన్నాక అత్తకి ఆ మాత్రం ఇవ్వలేవా?"

రెండేళ్ల తర్వాత పాత అనే ముక్క లేకుండా అల్లుడంది. దాని ధర రెండొందల ఎనభై తొమ్మిది డాలర్లని నాకప్పుడే తెలిసింది. మిగతా ఉదయమంతా తుపాకీ లేకుండా కూర్చుని, జడ్జి తెచ్చిన బాతుల్ని అందుకుని గూట్లో పెట్టాను. కుక్క నన్ను సాటి నౌకరుగా చూడటం మొదలుపెట్టింది.

*

మధ్యాహ్నం హోయ్ట్ కొట్టుకి వెళ్లాను. తలుపు నెట్టగానే ఆయన అట్టపెట్టె, ఫారం రెండూ బల్లమీద పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఈ ఊళ్లో ఫోన్లు బాతుల కన్నా వేగంగా ఎగురుతాయి.

"నువ్వు చెప్పింది తుపాకీ సంగతని నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"తలుపు దాకా వచ్చి అరిచాను తమ్ముడూ. నువ్వు బండి తలుపు బాదిన చప్పుడుకి నాకే వినపడలేదు."

ఫారం తీసుకున్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఇంకా ఏదో ఉందని తెలుస్తూనే ఉంది.

"కెండల్ పదకొండింటికి వచ్చాడు," అన్నాడు. "రిపేరుకని తెచ్చాడు. చూస్తే ఏ రోగమూ లేదు. అదీ ఊపుతో నడిచేదే, నీదానికి అన్నయ్య. వాణ్ణి పక్కకి పిలిచి చెప్పాను. అబ్బాయీ, మెత్తగా ఉంటే ఇలాగే మొండికేస్తుంది, కాస్త గట్టిగా ఉండాలి అని."

"ఊఁ."

"వాడి మొహం ఎర్రబడింది. మా ఆవిడతో నేనెలా ఉండాలో మీరు చెప్పక్కర్లేదు డీకన్‌గారూ అని, తుపాకీ తీసుకుని వెళ్లిపోయాడు."

నేను నవ్వడం మొదలుపెట్టాను. దాణా బస్తా మీద కూర్చోవాల్సి వచ్చింది. డ్రైయరు దుమ్మంతా కదిలి దగ్గొచ్చింది, దగ్గులోనూ నవ్వొచ్చింది. హోయ్ట్ నీళ్లు తెచ్చిచ్చాడు.

"చెబుతావా వాడికి?" అన్నాడు.

"సీజను అరవై రోజులేగా. అయ్యాక చెబుతా."

కలం తీసుకున్నాను. మొదటి ప్రశ్న, ఈ తుపాకీని నీకోసమే కొంటున్నావా అని. పోయినసారి కూడా అబద్ధం రాయలేదు. ఆ క్షణానికి అది నిజమే. ఈసారి టిక్కు పెట్టేముందు తల గోక్కున్నాను. ఇది కూడా అత్త ఒళ్లోకి చేరదని నమ్మకమేంటి?

"ఏమైంది?" అన్నాడు హోయ్ట్.

"ఏం లేదు. జడ్జి అడిగితే ఏం చేయాలా అని ఆలోచిస్తున్నా."

అవునని పెట్టి, పెట్టె చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. తలుపు బాదాను. లోపల గోడమీంచి ఏదో పడింది.